చిన్న ట్రైలర్‌లోనే కాపురం పెట్టాలంటే

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ట్రైలర్‌లో పది రోజులు సెలవు గడపడం వేరు, ఇల్లు ఖాళీ చేసి అందులోనే ఉండిపోవడం వేరు. సెలవులకు వెళ్లొచ్చినవాళ్లు చెమ్మెక్కిన పక్కబట్టలు ఇంటికొచ్చి ఆరేసుకుంటారు, ట్యాంకులు తీరిగ్గా కడుక్కుంటారు. మీకు ఆ ఇల్లు ఉండదు. నేనూ మా ఆవిడా 17 అడుగుల ట్రైలర్‌లో కాపురం పెట్టి నాలుగేళ్లయింది. మొదటి ఏడాది తిన్న ఎదురుదెబ్బలన్నీ దాదాపు ఒకే కోవలోవి. నీళ్లయినా, సామానైనా లోపలికి ఎలా తెచ్చుకోవాలన్నదే చూసుకున్నాం, బయటికి ఎలా పోతుందన్నది చూసుకోలేదు. మామూలు ఇంట్లో ఆ పని గోడల వెనకాల పైపులూ, వీధి చివరి మురుగుకాలవా చూసుకుంటాయి. ఇక్కడ ఆ పైపూ కాలవా మీరే.

కొనకముందు, ఉన్న ఇంట్లోనే ఒక వారం

సింకులో ఒక టబ్బు పెట్టండి. గిన్నెలు తోమినా, చేతులు కడిగినా నీళ్లు అందులోనే పడాలి. నిండిన ప్రతిసారీ మోసుకెళ్లి పారబోయండి, పారబోసిన ప్రతిసారీ ఒక కాగితం మీద గీత గీయండి. రెండు రోజులకే మీ భుజాలకు సంగతి తెలిసొస్తుంది: లీటరు నీళ్లంటే కిలో బరువు. చిన్న ట్రైలర్లలో మంచినీళ్ల ట్యాంకు చాలావాటికి 100 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మామూలు షవర్ నిమిషానికి 8, 9 లీటర్లు వదులుతుంది. ఒక మనిషి పన్నెండు నిమిషాలు ఆదమరిచి స్నానం చేస్తే ట్యాంకు ఖాళీ. మేం ఇప్పుడు తలా 6 లీటర్లతో కానిచ్చేస్తున్నాం. ఒళ్లు తడుపుకోవడం, కట్టేయడం, సబ్బు రుద్దుకోవడం, మళ్లీ విప్పడం. తాగడానికి, వంటకి, గిన్నెలకి అన్నీ కలుపుకుని ఇద్దరికీ రోజుకు పాతిక లీటర్లు. ఆ అలవాటు ట్రైలర్‌లోకి వెళ్లాక నేర్చుకుందాంలే అనుకోకండి. అక్కడ నేర్చుకోవాల్సినవి ఇంకా చాలా ఉంటాయి.

అదే వారంలో ఇంకో పని. నేల మీద రెండు మీటర్ల వెడల్పు, నాలుగున్నర మీటర్ల పొడవు వచ్చేలా రంగు టేపు అంటించి, ఒక సెలవురోజంతా ఆ గీత దాటకుండా ఇద్దరూ ఉండి చూడండి. వాన పడే రోజైతే మరీ మంచిది. ఒకరు లేచి నిలబడితే రెండోవాళ్లు కూర్చోవాలి. ఇది తమాషాగా ఉంటే ముందుకు వెళ్లండి. సాయంత్రానికి తలనొప్పి వస్తే ఇంకొంచెం పెద్ద ట్రైలర్ చూసుకోండి, లేదా ఆ ఆలోచనే మానుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

కొనేటప్పుడు ముక్కునీ బొటనవేలినీ నమ్మండి

అమ్మేవాళ్లు సోఫా గుడ్డ, లైట్లు, వంటగట్టు చూపిస్తారు. మీరు అవేవీ చూడకండి. వానలు పడ్డ తర్వాతి రోజు వెళ్లండి. తలుపులన్నీ మూసి ఉన్న ట్రైలర్‌లోకి అడుగుపెట్టగానే ముందు వాసన పీల్చండి. ముగ్గిన బట్టల వాసనొస్తే వెనక్కి తిరగండి. సెంటు వాసన గుప్పుమన్నా అనుమానించాల్సిందే.

తర్వాత బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లండి. కిటికీల కింది మూలలు, పైకప్పు వెంటిలేటర్ చుట్టూ, మంచం కింది పెట్టెల లోపలి మూలలు, తలుపు దగ్గర నేల. ఎక్కడైనా గోడ అట్టముక్కలా లోపలికి పోయిందంటే వెనకున్న కర్ర పుచ్చిపోయినట్టే. మా మొదటి ట్రైలర్‌లో అరచెయ్యంత మెత్తటి చోటు కనిపించింది. "చిన్న మరకేనండీ, తుడిస్తే పోతుంది" అన్నారు. మేమూ తలూపాం. నాలుగు నెలల తర్వాత ఆ పలక ఊడదీస్తే వెనకాల కర్ర టీపొడిలా రాలిపోయింది. అరచెయ్యి అనుకున్నది కాస్తా గోడ సగం అయ్యింది. కుళాయి కారితే బిగించుకోవచ్చు, మోటారు చెడితే మార్చుకోవచ్చు, పైకప్పులోంచి చాలాకాలంగా నీళ్లు దిగిన ట్రైలర్‌ని మాత్రం అగ్గువకిచ్చినా తీసుకోవద్దు.

టైర్లు చూడండి. గాడులు కొత్తగా కనిపిస్తే చాలదు. ట్రైలర్ టైరు అరిగి పోవడంకన్నా కూర్చుని కూర్చుని పోవడమే ఎక్కువ. పక్కగోడ మీద తయారీ సంకేతంలో చివరి నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ఐదారేళ్లు దాటితే, చూడ్డానికి ఎంత బాగున్నా మార్చేయండి.

ఇక మంచం. పగలు బల్లగా, రాత్రి మంచంగా మారే ఏర్పాటు కాగితం మీద బాగుంటుంది. రోజూ రాత్రి పరిచి, రోజూ పొద్దున మడవాలి. మూడో వారానికి మీరు మడవడం మానేస్తారు, ఆ తర్వాత బల్ల అనేదే ఉండదు. ఎప్పటికీ పరిచే ఉండే మంచం ఉన్నది తీసుకోండి, బల్ల చిన్నదైనా పరవాలేదు.

బరువు లెక్క

ట్రైలర్‌కి ఒక పలక కొట్టి ఉంటుంది. మొత్తం మీద ఎంత బరువు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బరువు తీసేస్తే మీకు మిగిలేది తెలుస్తుంది. ఉదాహరణకి హద్దు 1600 కిలోలు, ఖాళీ బరువు 1250 అనుకుందాం. మిగిలింది 350. నిండు నీళ్ల ట్యాంకు 100, గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, జాకీలు, గొట్టాలు కలిపి ఇంకో 80. ఇద్దరు మనుషుల సమస్త ఆస్తికీ మిగిలేది 170 కిలోలు. ఈ ఖాళీ బరువు కూడా ఫ్యాక్టరీ లెక్కే. తర్వాత బిగించిన ఏసీ, సోలార్ పలకలు అందులో ఉండకపోవచ్చు. అందుకే సామాను సర్దాక ఒకసారి లారీలు తూచే వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. మాది తూకంలో 90 కిలోలు ఎక్కువ తేలింది. అందులో సగం పుస్తకాలు, మిగతాది ఎప్పుడో పనికొస్తాయని తెచ్చుకున్న పనిముట్లు. ఆ రోజు మా ఇద్దరి మధ్య జరిగిన చర్చ ఇక్కడ రాయలేను.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ ముఖ్యం. హిచ్ మీద, అంటే కారు పట్టుకునే ముక్కు మీద, సరిపడా బరువు పడాలి. అమెరికా పద్ధతి ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అంటారు. యూరప్ ట్రైలర్లకు అంతకన్నా తక్కువే ఉంటుంది. మీ కారు పుస్తకంలో రాసిన హద్దు మాత్రం ఎక్కడైనా దాటకూడదు. బరువైనవి ఇరుసుకి దగ్గరగా, నేలకి దగ్గరగా పెట్టండి. వెనక భాగంలో బరువు పెరిగితే ట్రైలర్ వేగంలో తోకలా అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగితే బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్‌తో సరిచేయబోకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. ట్రైలర్ బ్రేకుని విడిగా చేత్తో వేసే మీట ఉంటే దాన్ని మెల్లగా నొక్కండి.

కదిలే ముందే తేల్చుకోవాల్సినది ఇంకొకటి ఉంది. ఉత్తరాలు, లైసెన్సు, బ్యాంకు వీటన్నిటికీ ఒక స్థిరమైన చిరునామా కావాలి. బీమా కంపెనీకి ఇందులోనే ఏడాది పొడవునా ఉంటామని రాతపూర్వకంగా చెప్పండి. సెలవుల వాడకానికని తీసుకున్న పాలసీ, కాపురం పెట్టినవాళ్లకు పనికిరాకపోవచ్చు.

చోటుకి చేరాక: వరస తప్పకూడదు

ముందు ఎడమ-కుడి సమం చేయాలి, అదీ కారుకి తగిలించి ఉండగానే. రసమట్టం నేల మీద పెట్టి, పల్లంగా ఉన్న వైపు చక్రం కింద చెక్కల మీదికి ఎక్కించండి. తర్వాత చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు గట్టిగా పెట్టండి. అవి పెట్టాకే హిచ్ విప్పాలి. ముందు విప్పేసి తర్వాత అడ్డుపెడదాం అనుకుంటే ట్రైలర్ మీకోసం ఆగదు. విప్పాక ముక్కు దగ్గరి జాకీతో ముందు-వెనక సమం చేయండి. చివరికి నాలుగు మూలల కాళ్లు దింపండి. ఆ కాళ్లు ఊగకుండా ఆపడానికే, బరువెత్తడానికి కాదు. వాటితో ట్రైలర్ లేపబోతే చట్రం వంగుతుంది. మీది గ్యాస్‌తో పనిచేసే పాతతరం ఫ్రిజ్ అయితే ఈ మట్టం మీ నిద్రకోసం మాత్రమే కాదు. ఒరిగి ఉంటే దాని లోపలి ద్రవం తిరగదు, చల్లబడదు, మెల్లగా పాడవుతుంది.

మంచినీళ్లు, మురికినీళ్లు

మంచినీళ్ల గొట్టం వేరు, మురికిట్యాంకు కడిగే గొట్టం వేరు. రంగు వేరుగా ఉండాలి, పెట్టే పెట్టె వేరుగా ఉండాలి. బయటి కుళాయికీ గొట్టానికీ మధ్య ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ పెట్టండి. ట్రైలర్ పైపులు సన్నవి, కొన్ని చోట్ల కుళాయి ఒత్తిడికి అతుకులు ఊడిపోతాయి. కొత్తగా తీసుకున్నప్పుడు, ఆ తర్వాత ఆర్నెల్లకోసారి ట్యాంకు శుద్ధి చేయండి. సువాసనలు కలపని మామూలు బ్లీచ్, ట్యాంకులో లీటరు నీళ్లకి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, ప్రతి కుళాయిలోంచీ ఆ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, మర్నాడు వాసన పోయేదాకా కడగండి. వేడినీళ్ల ట్యాంకు ఉంటే ముందు దాన్ని చల్లారనివ్వండి.

మరుగుదొడ్డి గురించి ఎవరూ నోరు విప్పి చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. ట్రైలర్ కింద మలం చేరే ట్యాంకు ఉన్నదైతే, మురుగు గొట్టం తగిలించి ఉన్నా సరే దాని వాల్వు మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే ఎప్పటికప్పుడు పోతుంది కదా అని మేం తెరిచి ఉంచాం. నీళ్లు పోయాయి, గట్టిది ఉండిపోయింది. మూడు వారాలకి అది తొట్టి కింద పుట్టలా పేరుకుంది. దాన్ని కదిలించడానికి రెండు రోజులు, ఎన్నో బకెట్ల వేడినీళ్లు, మా ఆవిడ మౌనవ్రతం ఖర్చయ్యాయి. కాబట్టి వాల్వు మూసి, ప్రతిసారీ నీళ్లు ధారాళంగా పోసి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలండి. అది పోయాక స్నానపు నీళ్ల ట్యాంకు తెరవండి. ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ ఒక్క పనిలో మాత్రం నీళ్ల పొదుపు పనికిరాదు.

బయటికి లాగి తీసుకెళ్లే క్యాసెట్ తరహా అయితే 20 లీటర్ల లోపే పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. ఎక్కడ పారబోయాలో తెలుసుకున్నాకే ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోండి.

చెమ్మ

చిన్న ట్రైలర్‌కి అసలు శత్రువు ఇదే. మొదటి చలికాలంలో ఒకరోజు పక్కబట్టలు మార్చడానికి పరుపు ఎత్తాను. కింది ప్లైవుడ్ మీద రెండు నల్లటి మరకలు, మనిషికొకటి, సరిగ్గా మేం పడుకునే చోట. పరుపు అడుగు పట్టుకుంటే చెయ్యి తడిసింది. పైకప్పు కారలేదు, ట్యాంకు కారలేదు. ఆ నీళ్లు మావే.

ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకుంటే ఊపిరిలోంచీ ఒంట్లోంచీ అర లీటరుకి తక్కువ కాకుండా నీళ్లు గాల్లోకి వదులుతారు. దానికి వంట ఆవిరి, స్నానం, ఆరని తువ్వాళ్లు కలపండి. గ్యాస్ మండినా నీళ్లే పుడతాయి. కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 లీటర్ల నీరు ఆవిరిగా వస్తుంది. పెద్ద ఇంట్లో ఆ ఆవిరి నాలుగు గదుల్లోకి పలచబడుతుంది. ఇక్కడ ఉన్నది పాతిక ఘనమీటర్ల గాలి కూడా కాదు. అది చల్లటి కిటికీని, లోహపు బోల్టు తలని, పరుపు కింది చెక్కని వెతుక్కుని అక్కడ చినుకవుతుంది.

మేం చేసినవి, ఫలితం ఎక్కువ ఇచ్చిన వరసలోనే చెబుతాను. పైకప్పు వెంటిలేటర్ ఒక వేలు మందాన, దానికి ఎదురు మూల కిటికీ ఒక వేలు మందాన, ఎంత చలిలోనైనా, రాత్రంతా తెరిచే ఉంటాయి. మొదట్లో ఇది పిచ్చిపనిలా అనిపించింది. కాని చలిగాలిలో తేమ చాలా తక్కువ. అది లోపలికొచ్చి వెచ్చబడితే ఇంకా పొడిబారుతుంది, మన ఆవిరిని మోసుకుని పైనుంచి వెళ్లిపోతుంది. వెచ్చదనం కొంత పోతుంది నిజమే, గోడ మిగులుతుంది.

రెండోది, పరుపు కింద చెక్కపట్టీలు వేసి గాలి ఆడేలా చేశాం. ప్లైవుడ్‌కి అరంగుళం బెజ్జాలు కూడా వరసగా వేశాను. మూడోది, బయటి గోడకి ఆనుకుని బట్టలు, పుస్తకాలు ఉండవు. రెండు వేళ్ల సందు ఉంటుంది. గిన్నె మీద మూత లేకుండా పొయ్యి వెలగదు. తడి తువ్వాలు లోపల ఆరదు. పొద్దున్నే కిటికీ అద్దాలు రబ్బరు పట్టీతో లాగి, ఆ నీళ్లు గుడ్డతో తుడిచి బయట పిండుతాం. చలి రోజుల్లో చిన్న గ్లాసుడు వస్తాయి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గోడకి తగిలించుకోండి. 60 శాతం దాటి నిలబడిందంటే ఏదో ఒకటి తెరవండి.

పొగగొట్టం లేకుండా లోపలే మండే గ్యాస్ హీటర్‌ని మాత్రం తేవద్దు. అది వెచ్చదనంతో పాటు నీళ్లూ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువూ ఇస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే ఎత్తులో ఉండాలి. గ్యాస్ లీకు అలారం నేలకి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే ప్రొపేన్ గాలికన్నా బరువు, కిందికి దిగి పేరుకుంటుంది. రెండూ పనిచేస్తున్నాయో లేదో నెలకోసారి బొత్తం నొక్కి వినండి.

కరెంటు, గ్యాస్

బయటి కరెంటు తగిలించుకున్నా అది ఇంటి కరెంటంత ఉండదు. అమెరికాలో చిన్న ట్రైలర్లకు ఇచ్చే 30 ఆంపియర్లు, 120 వోల్టులంటే 3600 వాట్లు. యూరప్‌లో 16 ఆంపియర్లు, 230 వోల్టులంటే 3680 వాట్లు. రెండూ దాదాపు ఒకటే. హీటరు, కెటిల్, నీళ్లు కాచేది ఒకేసారి వేస్తే ఫ్యూజు పడిపోతుంది. "కెటిల్ పెడుతున్నా!" అని కేకేసి పెట్టడం మా ఇంట్లో మర్యాద.

బ్యాటరీ మీద ఉండాలంటే వాట్‌అవర్లు, అంటే ఎన్ని వాట్లు ఎన్ని గంటలు అన్నది, లెక్కేసుకోండి. 100 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో 1200 వాట్‌అవర్లు ఉంటాయి. సీసం బ్యాటరీ అయితే అందులో సగమే వాడాలి, లేకపోతే త్వరగా చస్తుంది. లిథియం అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు, కాని గడ్డకట్టే చలిలో, అంటే 0 డిగ్రీల కింద, దాన్ని ఛార్జి చేయకూడదు. అందుకే బ్యాటరీని బయటి పెట్టెలో కాకుండా లోపల పెట్టుకోండి. ఎల్ఈడీ లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు పెద్ద లెక్కలోకి రావు. తినేది ఫ్రిజ్, ఇంకా గ్యాస్ హీటరులోని ఫ్యాను. గ్యాస్ ఉంది కదా అని రాత్రంతా హీటరు వేసుకుంటే పొద్దుటికి బ్యాటరీ ఖాళీ, గ్యాస్ ఉండి కూడా చలి. కరెంటుతో వేడి పుట్టించే ఏ వస్తువునీ బ్యాటరీ మీద వాడకండి. సోలార్ పలక మీద రాసిన అంకె ఎండాకాలం మిట్టమధ్యాహ్నానిది. చలికాలంలో రోజు మొత్తానికి వచ్చేది, ఎండాకాలం రోజులో వచ్చేదాంట్లో మూడో వంతు ఉంటే సంతోషించండి.

చలి ప్రాంతాలకు వెళ్తుంటే సిలిండర్‌లో ఏముందో అడగండి. బ్యూటేన్ 0 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. బయట కుళాయికి తగిలించిన గొట్టం రాత్రికి గడ్డకడుతుంది కాబట్టి చలిరోజుల్లో ట్యాంకు నింపుకుని గొట్టం విప్పి లోపల పెట్టేయండి.

పైకప్పు, మూడు నెలలకోసారి

నిచ్చెన వేసుకుని చూడండి. వెంటిలేటర్ల చుట్టూ, అంచుల వెంబడి వేసిన జిగురులో వెంట్రుకవాసి పగులు కనిపించినా శుభ్రం చేసి, పైకప్పు రబ్బరో లోహమో చూసుకుని, దానికి సరిపోయే సీలెంటు వేయండి. కనిపించిన ప్రతిచోటా సిలికాన్ పూయకండి. దాని మీద తర్వాత ఇంకేదీ అతుక్కోదు.

కదిలే రోజు

సామాను సర్దడం ముందురోజు రాత్రే అయిపోవాలి. పొద్దున హడావిడిలో మరిచిపోయేవి పెద్దవి కావు: గ్యాస్ వాల్వు, మెట్టు, వెంటిలేటర్ మూత, ఫ్రిజ్ తలుపు గడి. హిచ్ తగిలించాక గడి పడిందో లేదో చూడ్డానికి, ముక్కు దగ్గరి జాకీతో కొంచెం పైకి లేపండి. కారు వెనక భాగం కూడా లేస్తే పట్టు దొరికినట్టు. గొలుసులు, ట్రైలర్ విడిపోతే దాని బ్రేకు లాగే తీగ, లైట్ల ప్లగ్గు తగిలించి, జాకీ పూర్తిగా ఎత్తి, అడ్డుచెక్కలు ఆఖర్న తీయండి. చక్రాలు ఎప్పుడైనా విప్పి బిగించి ఉంటే 80 కిలోమీటర్ల తర్వాత ఆగి నట్లు మళ్లీ బిగించండి.

ఆపైన చుట్టూ ఒకసారి నడవండి. మీరు నడిచాక మీతో ఉన్నవాళ్లు మళ్లీ నడవాలి, మీరు చెప్పింది నమ్మకుండా. మేం ఒకసారి ఆ రెండో చుట్టు ఎగ్గొట్టాం. నలభై కిలోమీటర్లు వెళ్లాక వెనకొస్తున్న లారీ ఆయన హారన్ కొట్టి చెయ్యి పైకి చూపిస్తే దిగి చూశాం. వెంటిలేటర్ మూత లేదు, మంచం మీద వాన పడుతోంది.